రాతి పెచ్చుల సుంకవ్వ

అనగా అనగా, మన తాతల తాతలకు ఇంకా మూతి మీద మీసం మొలవని కాలంలో, ఎర్రకొండ కింద ఒక కొట్టం ఉండేది. పశువుల కొట్టం కాదు, రాళ్లు చెక్కే కొట్టం. మీరు ఊ కొడుతూ ఉండండి. ఊ ఆగితే కథ ఆగుతుంది.

ఆ కొట్టానికి పెద్ద నాగోజు. అందరూ ఆయన్ని ఒజ్జయ్య అని పిలిచేవాళ్లు. ఒజ్జయ్య అంటే విద్య నేర్పే అయ్య. ఆయన దగ్గర ముగ్గురు పిల్లలు పని నేర్చుకునేవాళ్లు. పెద్దవాడు బయన్న. వాడి చేతికి ఉలి ఇస్తే రాయి మెత్తబడేది. ఆ సంగతి వాడికీ బాగా తెలుసు. నడిమివాడు ఓబులేసు. వాడిది గబగబా పని, గబగబా మాట. కడగొట్టువాడు మద్దిలేటి. ఒజ్జయ్య నీడ పక్కన పడితే చాలు, వాడి ఉలి తడబడేది.

ఇక ఆ కొట్టం ఊడ్చేది సుంకవ్వ. నాలుగడుగుల ఎత్తు కూడా లేని ముసిలి మనిషి. కొండ మీద రాయి తీసే చోట తాడు తెగి ఆమె మొగుడు పోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్లకు ఒక పొద్దున ఒజ్జయ్య ముందుకొచ్చి నిలబడింది.

"పనేమన్నా ఉంటే ఇయ్యి ఒజ్జయ్యా."

"నీకేం పని వచ్చు అవ్వా?"

"ఊడ్చడం వచ్చు."

ఆయన చీపురు ఇచ్చాడు. ఆ రోజు నుంచి ఊడ్చింది. ఎండలో ఊడ్చింది, వానలో ఊడ్చింది, గాలి తిరగబడి ఊడ్చిందంతా మళ్లీ మొదటికొస్తే మళ్లీ ఊడ్చింది. రాతి పెచ్చులు, రాతి పొడి గంపకెత్తి వంకలో పోసేది. ఆమె ఎప్పుడొచ్చేదో, ఎప్పుడు పోయేదో ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

అయితే ఊడ్చేవాళ్ల కళ్లు నేల మీదే ఉంటాయి కదా. కొన్నేళ్లకు సుంకవ్వకు ఒకటి తెలిసింది. ముగ్గురు పిల్లల కింద రాలే పెచ్చులు ముగ్గురివీ ఒకలాగా ఉండవు. బయన్నవి పలచగా, గవ్వల్లా రాలతాయి. ఓబులేసువి మొద్దుగా, ఒకటి గుప్పెడుంటే ఒకటి గోరంత. మద్దిలేటివి పెచ్చులే కావు, అంతా తవుడు.

ఒకరోజు సాయంత్రం మద్దిలేటి స్తంభం చాటున కూర్చుని ఏడుస్తున్నాడు. వాడు చెక్కిన హంసకు ముక్కు విరిగింది. ఒజ్జయ్య వీపు మీద ఒకటిచ్చాడు.

"ఏం తప్పు చేసినావు నాయనా?" అంది సుంకవ్వ.

"తెలీదవ్వా. తప్పన్నాడు, అంతే. ఆయన తప్పంటే తప్పు, బాగుందంటే బాగుంది. నాకేమీ తెలీదు."

"నాకసలు చెక్కడమే తెలీదు. కానీ నాయనా, పొద్దున నీ కింద చక్కటి పెచ్చులు రాలినాయి. మధ్యాన్నం నుంచి తవుడు రాలింది. ఎందుకట్లా? ఇంకా ఊడ్చలేదులే. నీ కుప్ప నువ్వు చూసుకో. పొద్దు ఇంకా ఉంది."

మద్దిలేటి కళ్లు తుడుచుకుని కుప్ప ముందు కూర్చున్నాడు. వేళ్లతో కెలికాడు. చాలాసేపు చూశాడు. చూసి చూసి, "అవ్వా, మధ్యాన్నం ఒజ్జయ్య వచ్చి నా వెనక నిలబడ్డాడు. అప్పటి నుంచి నేను ఉలిని గట్టిగా పట్టుకోలేదు. గీకుతూ ఉన్నా. ఆయన పోయినాక ఆలస్యమైందని ఒక్కసారిగా కొట్టినా. అప్పుడు విరిగింది ముక్కు" అన్నాడు.

"అట్లనా? మరి రేపేం చేస్తావు?"

"ఆయన వచ్చి నిలబడితే ఉలి కింద పెట్టి ఊపిరి పీల్చుకుంటా. మళ్లీ పట్టుకుంటా."

ఆ మర్నాడు వాడు అట్లాగే చేశాడు. కొత్తగా మొదలుపెట్టిన హంసకు ముక్కు నిలిచింది.

అప్పటి నుంచి సుంకవ్వ మూడు కుప్పలు వేరువేరుగా ఊడ్చేది. వెంటనే ఎత్తేది కాదు. పొద్దు వాలే వేళకు పిల్లల దగ్గరికి వచ్చి, "నీ కుప్ప నువ్వు చూసుకో నాయనా, పొద్దు ఇంకా ఉంది" అనేది. ఏ దెబ్బ నీకు నచ్చింది? ఏ దెబ్బ నచ్చలేదు? రేపేం చేస్తావు? ఈ మూడే అడిగేది. జవాబు బాగుందనేది కాదు, బాగాలేదనేది కాదు. విని, గంపకెత్తుకుని పోయేది.

మద్దిలేటి రోజూ చూసుకునేవాడు. ఓబులేసు ఒక కంటితో చూసేవాడు. బయన్న మాత్రం నవ్వేవాడు. "చీపురు పట్టినామె శిల్పం నేర్పుతుందంట! నా కుప్పలో చూసేదానికేముంది? పారబొయ్ అవ్వా" అనేవాడు. ఆమె నొచ్చుకునేది కాదు. మర్నాడు మళ్లీ వచ్చి మళ్లీ ఆ మాటే అనేది.

అట్లా ఉండగా కొండ కనుమ అవతలి ఊరివాళ్లు వచ్చారు. అది నీళ్లు కరువైన ఊరు. ఉన్నది ఒక్కటే బావి. తోడిన నీళ్లు పశువులకు పోద్దామంటే తాగేలోపే ఇసక తాగేస్తోంది. మట్టి తొట్లు పగిలిపోతున్నాయి. ఆ ఎండాకాలం నలభై ఆవులు దప్పికతో పడిపోయాయి. ఊరంతా ఏకమై కొండ నుంచి ఒకే ఒక్క పెద్ద రాయి కదిలించారు. పన్నెండు జతల ఎద్దులు మూడు నెలలు లాగితే అది కొట్టం చేరింది.

వాళ్ల పెద్ద పేరు పుల్లారెడ్డి. ఆయన ఒజ్జయ్య చేతులు పట్టుకుని, "దీన్ని తొట్టి చేసి ఇయ్యి స్వామీ. ఇంకో రాయి లాగడానికి మాకు ఎద్దులూ లేవు, ఓపికా లేదు" అన్నాడు.

"వచ్చే పున్నమికి తీసుకుపోండి" అన్నాడు ఒజ్జయ్య.

గడువు తక్కువ. ఒజ్జయ్య ముగ్గురు పిల్లల్నీ పిలిచాడు. తన ముత్తాత వాడిన ఉలి ఒకటి వాళ్లకు చూపించాడు. "ఎవడి భాగం ముందు అయిపోతే ఈ ఉలి వాడిది" అన్నాడు.

ఇక చూడండి! బయన్న లోపలి గుంట తవ్వుతున్నాడు. ఓబులేసు బయటి గోడలు చదును చేస్తున్నాడు. మద్దిలేటి పైన అంచు దిద్దుతున్నాడు. సుత్తి మీద సుత్తి, దెబ్బ మీద దెబ్బ. సుంకవ్వ వచ్చి "కుప్ప చూసుకో నాయనా" అంటే, "ఇప్పుడు కాదవ్వా" అని ముగ్గురూ ఒకే మాట. మద్దిలేటి కూడా! ఆమె మూడు కుప్పలూ పోగుచేసి, పారబొయ్యకుండా అట్లాగే ఉంచింది.

గుంట జానెడు లోతు అయింది. ఒకనాటి పొద్దున పొడి కడగడానికి ఒజ్జయ్య గుంటలో నీళ్లు పోశాడు. నీళ్లు నిలబడలేదు. రాయికి అడ్డంగా, ఈ కొస నుంచి ఆ కొసకు, తడి గీత ఒకటి కనబడింది. పగులు!

ఒజ్జయ్య అక్కడే కూలబడ్డాడు. మూడు నెలలు లాగిన రాయి. ఒక ఊరి నోటి కాడి నీళ్లు.

"ఎవరు?" అన్నాడు లేచి. ఆ గొంతు పిల్లలు ఎన్నడూ వినలేదు.

"నిన్న చివరిదాకా అంచు మీద కొట్టింది మద్దిలేటే" అన్నాడు బయన్న.

"అవును, మద్దిలేటే" అన్నాడు ఓబులేసు.

మద్దిలేటి అటు చూశాడు, ఇటు చూశాడు. "నేనే అయ్యుంటాను ఒజ్జయ్యా" అన్నాడు.

"అయితే మూట కట్టుకో. ఈ కొట్టంలో నీకు ఇక చోటు లేదు."

అప్పుడు చీపురు చప్పుడు ఆగింది. సుంకవ్వ వచ్చి నడుమ నిలబడింది.

"వాడు కాదు ఒజ్జయ్యా."

"మరెవరు? రోజూ ఊడ్చేదానివి. నీకు తెలుసా?"

"తెలుసు."

"చెప్పు."

"చెప్పను."

ఒజ్జయ్య కళ్లు ఎర్రబడ్డాయి. "చెప్పకపోతే వాడి వెంట నువ్వూ పో!"

"పోతాను. మూడు పొద్దులు ఆగి పోతాను. నేను చెబితే ఏమవుతుంది ఒజ్జయ్యా? ఆ పిల్లోడు నన్ను తిట్టుకుంటాడు, నిన్ను చూసి భయపడతాడు, తన చేతిని మాత్రం చూసుకోడు. రేపు ఇంకో రాయి పగలగొడతాడు. మూడు కుప్పలూ ఉన్నాయి. మూడు పొద్దులు వీళ్లని పనిలేకుండా కూర్చోబెట్టు. ఎవడి కుప్ప ముందు వాణ్ణి కూర్చోబెట్టు. ఇంకొక్కటి అడుగుతా. తన తప్పు తన నోటితో చెప్పినోణ్ణి కొట్టొద్దు, వెళ్లగొట్టొద్దు. ఆ మాట ఇయ్యి."

ఇన్నేళ్లలో ఆమె అంత మాట్లాడటం ఎవరూ వినలేదు. ఒజ్జయ్య రాయి వైపు చూశాడు. "సరే. మూడు పొద్దులు" అన్నాడు.

మొదటి పొద్దు గడిచింది. పొద్దు వాలే వేళకు మద్దిలేటి లేచాడు.

"ఒజ్జయ్యా, నా కుప్పంతా చూసినాను. ఒక్కొక్క పెచ్చూ చూసినాను. అంతా సన్నంగా ఉంది. పగులు తెచ్చే దెబ్బ ఇందులో లేదు. నేను చెయ్యలేదు. అందరూ నన్నే అంటుంటే, నేనే అనేస్తే గొడవ తీరిపోతుందని అనేశాను. చూసుకోకుండా ఒప్పుకున్నా. అది నా తప్పు."

ఒజ్జయ్య తల ఊపాడు. సుంకవ్వ మద్దిలేటి తల నిమిరింది.

రెండో పొద్దు వచ్చింది. ఓబులేసు పొద్దుటి నుంచి కుప్ప ముందు కదులుతూ, మెదులుతూ కూర్చున్నాడు. కుప్పలో ఏ తప్పూ లేదు. అయినా వాడు లేచి పోలేకపోతున్నాడు. సుంకవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

"నాకూ ఇట్లాగే ఉండేది ఓబులేసూ. నా మొగుడు పోయినాక, తాడు పట్టినోణ్ణి పన్నెండేళ్లు తిట్టినా. వాని ఇంటి ముందు దుమ్మెత్తి పోసినా. ఆ తాడు నలిగిపోయిందని ఆ పొద్దున నాకూ తెలుసు. కంటితో చూసినా. ఇంట్లో ఏదో మాటా మాటా వచ్చి అలిగి ఉన్నా కదా, నోరు తెరవలేదు. పన్నెండేళ్లకు ఒప్పుకున్నా, నాకు నేను. తాడు పట్టినోని ఇంటికి పోయి కాళ్ల మీద పడినా. అప్పటికి ఆయనకు చూపు పోయింది. నా గొంతు గుర్తుపట్టి, 'వచ్చినావా తల్లీ' అన్నాడు. పన్నెండేళ్లు ఆలస్యంగా పోయినా నాయనా. నీకు పొద్దు ఇంకా ఉంది."

ఓబులేసు గబగబా మాట్లాడేవాడు కదా. ఆ రోజు ఒజ్జయ్య ముందుకు పోయి ఒక్కొక్క మాటా ఏరుకుని చెప్పాడు.

"ఒజ్జయ్యా, మొన్న రాయి గొంతు మారింది. గంటలా మోగేది, ఒక్కసారిగా బొంగురుపోయింది. నేను విన్నాను. ఎవరి దెబ్బకో కూడా చూశాను. ఆపమని చెప్పలేదు. వాడు చెడితే ఉలి నాకు వస్తుందనుకున్నా. నిన్న మద్దిలేటి పేరు చెప్పిందీ అందుకే."

ఒజ్జయ్య ఆ మాట విని తలదించుకున్నాడు. ఎందుకు దించుకున్నాడో పిల్లలకు అర్థం కాలేదు.

మూడో పొద్దు వచ్చింది. ఇక బయన్న ఒక్కడే. వాడు కుప్ప వైపు చూడకుండా కొండ వైపు చూస్తూ కూర్చున్నాడు. మధ్యాన్నమైంది. కొండ నీడ కొట్టం మీదికి వచ్చింది. సుంకవ్వ వచ్చింది.

"నీ కుప్ప నువ్వు చూసుకో నాయనా. పొద్దు ఇంకా ఉంది."

బయన్న చెయ్యి కుప్పలోకి పోయింది. పైన కెలకలేదు. నేరుగా అడుక్కు పోయింది. అక్కడి నుంచి అరచేయంత పెచ్చు ఒకటి బయటికి తీశాడు. దాని అంచున నల్లటి చార ఉంది.

మీకు చెప్పాలి కదా, రాయిలో నల్ల చార కనబడితే పెద్ద సుత్తి పక్కన పెట్టాలి. చిన్న సుత్తి అందుకోవాలి. ఆ కొట్టంలో మొదటి రోజు నేర్పే పాఠం అదే.

"చార చూశాను ఒజ్జయ్యా" అన్నాడు బయన్న. పెచ్చును ఆయన ముందు పెట్టాడు. "చూసి కూడా పెద్ద సుత్తితోనే కొట్టినా. నాకేమీ కాదనుకున్నా. రాయి బొంగురుపోయింది. అప్పుడు ఈ పెచ్చును కాలితో కుప్ప అడుక్కు తోసినా. పగులు ముందు నుంచే ఉందేమోనని నాకు నేను చెప్పుకున్నా. చెప్పుకుని, నమ్మినా కూడా." సుంకవ్వ వైపు తిరిగాడు. "నీకెట్లా తెలిసిందవ్వా?"

"ఊడ్చేటప్పుడు దొరికింది నాయనా. చూసి, మళ్లీ అక్కడే పెట్టినా. నువ్వు దాచుకున్నది నువ్వే తీసుకోవాల గదా."

బయన్న ఆమె ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మద్దిలేటి వచ్చి వాడి పక్కన కూర్చున్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు, అంతే.

అందరూ ఒజ్జయ్య వైపు చూశారు. కొడతాడా? వెళ్లగొడతాడా? మాట నిలబెట్టుకుంటాడా?

ఒజ్జయ్య లోపలికి పోయాడు. ముత్తాత ఉలి తెచ్చి నేల మీద పెట్టాడు.

"మూడు పొద్దులు మీ కుప్పలు మీరు చూసుకున్నారు. నాకు కుప్ప లేదు, నేను ఊరికే నిలబడి చూసేవాణ్ణి కదా అనుకున్నా. సుంకవ్వా, నిన్నటి నుంచి నాకు తెలుస్తా ఉంది. ఈ ముగ్గురు పిల్లలే నా కుప్ప. చారను చూసి ఆగమని నేర్పినవాణ్ణి నేనే. ముందు ముగించినవాడికి ఉలి ఇస్తానని పరుగు పెట్టించినవాణ్ణీ నేనే. ఆ దెబ్బలో సగం నాది. ఈ ఉలి ఇక ఎవడిదీ కాదు, కొట్టానిది."

అని తల వంచాడు. ఆ పిల్లల ముందే వంచాడు.

ఆ తర్వాత ఒజ్జయ్య తానే కనుమ దాటి పోయి పుల్లారెడ్డికి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ పెద్దమనిషి ఆయనతో కలిసి వచ్చి రాయి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పగులు మీద చెయ్యి పెట్టి, "దీన్నేం చేయగలరు?" అన్నాడు.

జవాబు బయన్న చెప్పాడు. "పగులు వెంట మేకులు దింపి రెండుగా విడదీస్తాం. తిరగేసి, చెయ్యి పడని వైపు కొత్తగా గుంటలు తవ్వుతాం. చిన్న సుత్తితో తవ్వుతాం. ఒక నెల ఎక్కువ పడుతుంది."

ఆ నెల రోజులూ ఊరి ఆడవాళ్లు పశువులకు బానల్లోనూ, కుండల్లోనూ నీళ్లు పట్టి తాపారు. అట్లా కాచుకున్నారు.

ఈసారి ముగ్గురూ ఒకరి చప్పుడు ఒకరు వింటూ పనిచేశారు. రాయి గొంతు కాస్త మారినా ఓబులేసు "ఆగు" అనేవాడు. అందరూ ఆగేవాళ్లు. సాయంత్రమైతే నలుగురూ కుప్పల ముందు కూర్చునేవాళ్లు. అవును, నలుగురు. ఒజ్జయ్య కూడా చెక్కడానికి కూర్చున్నాడు కదా.

పెద్ద ముక్క పశువుల తొట్టి అయింది. చిన్న ముక్క పొట్టి తొట్టి అయింది, గొర్రెలకు, మేకలకు, దూడలకు అందేటట్టు. చెక్కేటప్పుడు రాలిన పెద్ద ముక్క ఒకదానితో మద్దిలేటి ఒక గిన్నె చెక్కాడు, కుక్కలకు, పిట్టలకు. పుల్లారెడ్డి అవి చూసి, "ఒక్క తొట్టి అయ్యుంటే ఎద్దుల మధ్య మా దూడలకు అందేదే కాదు" అని నవ్వాడు. నవ్వుతూనే కళ్లొత్తుకున్నాడు. ఊరివాళ్లు సుంకవ్వకు చీర తెచ్చారు, జొన్నలు తెచ్చారు, పాలిచ్చే మేకను తెచ్చారు. ఆమె చీర తీసుకుంది. జొన్నలు కొట్టానికి ఇచ్చింది. మేకను, "దీనికి నీళ్లుండే చోటు మీ ఊరే" అని తిప్పి పంపింది.

ఇంకా చాలా ఏళ్లు ఊడ్చింది. నడుం వంగిపోయినా ఊడ్చింది. ఒక ఎండాకాలం పొద్దున, అప్పటికి ఒజ్జయ్య అయిన బయన్న వచ్చి చూస్తే, ఆమె గుడిసెలో కన్ను మూసి ఉంది. కనుమ అవతలి నుంచి ఊరు ఊరంతా వచ్చింది. నేల తవ్వి ఆమెను కొండ కింద పెట్టారు. ఎనభై ఏళ్ల పుల్లారెడ్డి పిడికెడు మట్టి వేసి, "మా పశువులు తాగే ప్రతి గుక్కా నీదే తల్లీ" అన్నాడు.

ఆమె బొమ్మ చెక్కుదామని అనుకున్నారు. బయన్న ఉలి పట్టుకున్నాడు, దింపేశాడు. బొమ్మ అయితే నిలబడి చూస్తారే గానీ కూర్చుని చూసుకోరు అన్నాడు. బొమ్మ వద్దనుకున్నారు.

బదులుగా ఏం చేశారంటే, ఆ కొట్టంలో ఇక ఊడ్చేవాళ్లను పెట్టలేదు. ఈ రోజుకీ అక్కడ ఎవరి కుప్ప వాళ్లే ఊడ్చుకోవాలి. ఊడ్చేముందు కూర్చుని చూసుకోవాలి. ఒజ్జయ్య అయినా సరే. ఆ చుట్టుపక్కల బడుల్లో పిల్లలు సాయంత్రం పలక తుడిచేముందు ఒకసారి చూసుకుంటారు. నచ్చింది ఒకటి, నచ్చనిది ఒకటి, రేపటికి ఒకటి. దాన్ని 'అవ్వకు చెప్పడం' అంటారు. కుప్ప దగ్గర తన నోటితో చెప్పిన తప్పుకు దెబ్బ లేదు, తిట్టు లేదు. ఆ కట్టుబాటు ఎంతటి పెద్దవాళ్లయినా దాటరు.

నేనూ ఆ కొట్టం ఉన్న ఊరివాణ్ణే. ఏడేళ్లప్పుడు మా నాయనమ్మ, అదే మా జేజి, దాచుకున్న విత్తనాల కుండ పగలగొట్టాను. పిల్లి మీద చెప్పాను. పిల్లిని మా జేజి మూడు రోజులు ఇంట్లోకి రానివ్వలేదు. అది వాకిట్లో కూర్చుని నా వైపే చూసేది. నాలుగో రోజు జేజి ముందు కూర్చుని, "జేజీ, అవ్వకు చెప్పాలి" అన్నాను. చెప్పాను. జేజి చెయ్యి పైకి లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. ఆ చెయ్యి మెల్లగా దిగి వచ్చి నా నెత్తి మీద ఆగింది.

"పో నాయనా, పోయి పిల్లిని లోపలికి పిలుచుకురా" అంది.